పిట్ట కోసం ఫిరంగులు సర్దుకున్న ఊరు: ఫోర్ట్ బ్రాగ్ సంగతి, మన దగ్గర ఇలాంటిది కుదురుతుందా?

సాండ్‌హిల్స్_రావు | శనివారం, రాత్రి 9:12

అమెరికాలో, నార్త్ కెరొలైనా రాష్ట్రంలోనే కేరీ నుంచి ఫేయట్‌విల్‌కి మారి రెండేళ్ళయింది. కొత్తలో రాత్రిళ్ళు కిటికీ అద్దాలు గజగజలాడేవి. అది ఫిరంగుల మోత. చలికాలం చివర్లో అడవి వైపు నుంచి పొగ. మా ఆవిడ మొదటి వారంలోనే 911కి (ఇక్కడి అత్యవసర నంబరు) ఫోన్ చేసింది. అవతలావిడ నింపాదిగా "అది వాళ్ళే పెట్టుకున్న మంటమ్మా, కంగారు పడకండి" అందట.

వాళ్ళంటే ఫోర్ట్ బ్రాగ్ వాళ్ళు. 1918లో ఫిరంగి దళం కోసం పెట్టిన అమెరికా సైనిక స్థావరం. 82వ ఎయిర్‌బోర్న్ అనే పారాట్రూపర్ల డివిజన్ ఉండేది ఇక్కడే. దాదాపు 1,60,000 ఎకరాలు, అంటే మొన్నమొన్నటి జీహెచ్‌ఎంసీ అంత ఉంటుంది.

ఈ నేల మీద లాంగ్‌లీఫ్ పైన్ అడవి ఉంది. ఒకప్పుడు అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో 9 కోట్ల ఎకరాల్లో ఉండేదట. ఒక దశలో అందులో నూటికి మూడు వంతులే మిగిలాయి. మిగిలినదానిలో మంచి ముక్కలు కొన్ని సైన్యం కంచెల లోపల ఉన్నాయి. ఆ చెట్లలో ఉండే రెడ్-కాకేడెడ్ వుడ్‌పెకర్ అనే వడ్రంగిపిట్టని 1970లోనే అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చారు.

అసలు కథ 1990లో మొదలైంది. "మీ శిక్షణ ఇలాగే సాగితే ఈ పిట్ట మిగలదు" అని వన్యప్రాణి శాఖ రాతపూర్వకంగా తేల్చి చెప్పింది. ఇక్కడి చట్టంలో ఆ మాటకి బలం ఎక్కువ. గూడున్న చెట్లకి తెల్లరంగు పట్టీలు వేశారు, చుట్టూ 200 అడుగుల లోపల గుడారం వెయ్యకూడదు, కందకం తవ్వకూడదు. పారాట్రూపర్ల సొంత గడ్డ మీద వాళ్ళనే పిట్ట ఆపేసింది. సైన్యానికి ఒళ్ళు మండింది.

తర్వాత ఐదేళ్ళకి అదే సైన్యం, అదే వన్యప్రాణి శాఖ, ద నేచర్ కన్సర్వెన్సీ అనే స్వచ్ఛంద సంస్థ ఒక ఒప్పందానికొచ్చాయి. కంచె బయట, ఇష్టపడి అమ్మేవాళ్ళ దగ్గర భూమి కొనాలి. లేదా భూమి రైతు దగ్గరే ఉంచి, ప్లాట్లు వేసే హక్కొక్కటీ కొనెయ్యాలి. డబ్బులో పెద్ద వాటా సైన్యానిది, భూమి చూసుకునేది సంస్థ. పిట్ట బయట కూడా బతికితే లోపల ఆంక్షలు తగ్గుతాయన్నది లెక్క.

2006కి ఈ వైపు పిట్టల సంఖ్య పెట్టుకున్న లక్ష్యాన్ని ఐదేళ్ళు ముందే అందుకుంది. మన దగ్గర కంటోన్మెంటంటే గేటు, సెంట్రీ, "రాస్తా బంద్" బోర్డు తప్ప ఇంకేం గుర్తుకు రావు. ఇలాంటి పొత్తు ఎక్కడైనా చూశారా?

---

కాకిలెక్క | శనివారం, రాత్రి 9:40

రావుగారూ, అడవిని కాపాడింది సైన్యం కాదు, కంచె. అక్కడ బేస్ లేకపోతే ఈపాటికి గోల్ఫ్ కోర్సూ, మన తెలుగువాళ్ళు కొన్న నాలుగు బెడ్‌రూముల ఇళ్ళూ ఉండేవి. ఊరికే ఎందుకు దండలు వెయ్యడం?

---

పిట్టలదొర | శనివారం, రాత్రి 10:25

కాకిలెక్క గారి మాటలో సగం నిజం. మిగతా సగం ఇంకా విచిత్రంగా ఉంటుంది.

ఈ వడ్రంగిపిట్ట మన పికిలిపిట్టంత ఉంటుంది. నలుపు తెలుపు చారలు, తెల్లటి చెంప. పేరులో ఎరుపు ఉంది గానీ ఆ ఎర్ర ఈక మగదానికి చెవి పక్కన దారప్పోగంత. బైనాక్యులర్‌తో అరగంట చూసినా దొరకదు. మిగతా వడ్రంగిపిట్టలు ఎక్కువగా చచ్చిన మానులో తొర్ర తొలుచుకుంటే, ఇది మాత్రం బతికున్న పైన్‌నే తొలుస్తుంది. చెట్టుకి ఎనభై, వందేళ్ళు ఉండాలి, లోపల బూజు పట్టి మెత్తబడాలి. ఒక తొర్ర పూర్తవడానికి ఏళ్ళు పడుతుంది. పైగా తొర్ర చుట్టూ చిన్న గాట్లు పెట్టి బంక కార్పిస్తుంది. ఎలుకల్ని తినే పాము చెట్టెక్కబోతే ఆ బంక దాని పొలుసులకి అంటుకుని కింద పడుతుంది.

అంత పాత చెట్టు ఎక్కడుంటుంది? నార్త్ కెరొలైనా వాళ్ళని "టార్ హీల్" అంటారు, అంటే తారు మడమలు. ఓడల చెక్కకి పుయ్యడానికి తారు, టర్పెంటైన్ తీసి తీసి ఈ పైన్ అడవుల్ని పీల్చేశారు. నౌకల కోసం పోయిన అడవిలో మిగిలింది ఫిరంగుల మధ్య దాక్కుంది!

కంచె ఒక్కటే సరిపోదనడానికి ఇంకో కారణం నిప్పు. లాంగ్‌లీఫ్ మొక్క మొదటి కొన్నేళ్ళు గడ్డి దుబ్బులా నేలకి అతుక్కుని ఉంటుంది. మంట వస్తే పైన ఆకు కాలుతుంది, లోపల మొగ్గ బతుకుతుంది. మంట రాకపోతే ఓక్ పొదలు దాన్ని కమ్మేస్తాయి, పిట్ట వెళ్ళిపోతుంది. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికా అంతా అడవి మంటల్ని ఆర్పేస్తుంటే, గుండ్లు పడే చోట మంటలు రాజుకుంటూనే ఉన్నాయి. అందుకే మంచి అడవి గుండ్లు పడ్డ చోటే మిగిలింది. సెయింట్ ఫ్రాన్సిస్ సాటిర్ అనే గోధుమరంగు సీతాకోకచిలుక ఉంది. ప్రపంచం మొత్తంలో అది ఫోర్ట్ బ్రాగ్‌లోనే ఉంది, అదీ ఎక్కువగా ఫిరంగి గుండ్లు పడే మేరలో.

---

అనంతగిరి_మల్లేశ్ | ఆదివారం, ఉదయం 6:50

రావన్నా, మంచిగ రాసినవ్. చదువుతుంటే కడుపుల మండింది.

మాది వికారాబాద్ జిల్లా, పూడూరు దిక్కు. దామగుండం అడవి గురించి ఇనే ఉంటరు. నేవీ వాళ్ళ రాడార్ స్టేషన్ అంటున్నరు. అసలైతే నీళ్ళ కింద ఉండే సబ్‌మెరైన్లకు సిగ్నల్ పంపే వీఎల్ఎఫ్ (బాగ తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో) కేంద్రం. తమిళనాడు తిరునల్వేలిల కట్టబొమ్మన్ పేరుతోటి ఒకటున్నది, మాది రెండోది. సముద్రం లేని జిల్లాల నేవీ అని మా పోరగాండ్లు నవ్వుకున్నరు. 2,900 ఎకరాల అడవి ఇచ్చిండ్రు. 2024 అక్టోబర్ 15నాడు రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ వచ్చి శంకుస్థాపన చేసిండు.

దేశానికి సబ్‌మెరైన్లు అవసరం లేదని మేం అంటలేం. మూసీ పుట్టేదే ఈ అనంతగిరి గుట్టల్ల. చెట్లెన్ని పోతయో వాళ్ళ లెక్క ఒకటి, ఉద్యమం చేసెటోళ్ళ లెక్క ఇంకొకటి. రామలింగేశ్వర స్వామి గుడికి తొవ్వ మూయమని మాటిచ్చిండ్రు. మరి మేకలు మేపుకునేటోళ్ళ తొవ్వ? సీతాఫలాలు ఏరుకునేటోళ్ళ తొవ్వ? నువ్వు చెప్పిన ఊర్ల పిట్టకు దొరికిన మర్యాద ఇక్కడ మనిషికి ఎన్నడు దొరుకుతదో చెప్పు.

---

సాండ్‌హిల్స్_రావు | ఆదివారం, ఉదయం 8:30

మల్లేశ్ తమ్ముడూ, నీ ప్రశ్నకి నా దగ్గర సూటి జవాబు లేదు. ఇక్కడ పొత్తు ఎందుకు నిలబడిందో నాకర్థమైనంత చెప్తాను.

1990కి ముందు సైన్యమే కాదు, చుట్టుపక్కల రైతులూ ఈ పిట్టంటే హడలిపోయేవారు. పిట్ట వాలిందా, చెట్టు కొట్టడానికి లేదు. దాంతో ఏం చేశారు? పిట్టకి పనికొచ్చే వయసు రాకముందే పైన్లు కొట్టి అమ్మేశారు. ఇది పుకారు కాదు. ఇద్దరు ఆర్థికవేత్తలు 2003లో ఈ రాష్ట్రపు అడవి లెక్కలు తీసి, పిట్ట గూళ్ళకి దగ్గరున్న తోటల్నే తొందరగా నరికారని చూపించారు. కాపాడాల్సిన చట్టమే గొడ్డలి చేతికిచ్చిందన్నమాట.

1995లో "సేఫ్ హార్బర్" అని కొత్త ఏర్పాటు తెచ్చారు. చేరిన రోజున నీ భూమిలో ఎన్ని గూళ్ళుంటే వాటికే నీ బాధ్యత. చెట్లు పెంచి, పొదలు కొట్టి, నిప్పు పెట్టి కొత్త పిట్టల్ని రప్పిస్తే, వాటి వల్ల రేపు కొత్త ఆంక్షలేవీ నీ మీద పడవు. దేశం మొత్తం మీద మొదట చేరింది ఎవరనుకున్నారు? పైన్‌హర్స్ట్ గోల్ఫ్ రిసార్ట్! కాకిలెక్క గారూ, మీ గోల్ఫ్ కోర్సు ఇదే.

ఇటు సైన్యానికి పిట్ట ఒక్కటే బాధ కాదు. ఊరు కంచె దాకా పెరిగితే ఇళ్ళ దీపాల వెలుగులో రాత్రి చూపు కళ్ళద్దాల శిక్షణ పాడవుతుంది. మోత మోత అని జనం ఫిర్యాదులు పెడతారు. అంటే కంచె అవతల పైన్ తోట ఉంటేనే వాళ్ళకి లాభం. రైతుకి భూమి పోకుండా డబ్బొస్తే లాభం. సంస్థకి అడవి కావాలి. ముగ్గురూ మూడు వేరే కారణాలతో ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఈ పద్ధతి పనిచేసిందని చూసి 2002 చివర్లో అమెరికా కాంగ్రెస్ దేశంలోని స్థావరాలన్నిటికీ ఇలా పొత్తు పెట్టుకునే అధికారం ఇచ్చింది.

చట్టం సైన్యం చెయ్యి మెలిపెట్టకపోయుంటే ఎవరూ ఆ బల్ల దగ్గరికి వచ్చేవారు కాదని నా అభిప్రాయం. మీ దగ్గర లేనిది అదే అనుకుంటాను.

---

కాకిలెక్క | ఆదివారం, ఉదయం 11:05

గోల్ఫ్ కోర్సు విషయంలో ఓడిపోయాను, ఒప్పుకుంటున్నా 😀

కానీ అదే రాష్ట్రంలో, సముద్రం వైపు క్యాంప్ లెజూన్ ఉంది. మెరైన్ల స్థావరం. 1953 నుంచి 1987 దాకా అక్కడి తాగునీళ్ళలో బట్టల డ్రై క్లీనింగ్‌కి వాడే ద్రావకాలు, జిడ్డు వదిలించే రసాయనాలు కలిసి ఉన్నాయి. సొంత సైనికులు, వాళ్ళ పెళ్ళాం పిల్లలు తాగారు. దావా వేసే హక్కు ఇస్తూ చట్టం వచ్చింది 2022లో! పుట్టిన పిల్లలు నడివయసు వాళ్ళయ్యాక.

ఇప్పుడు చాలా బేసుల చుట్టూ బావుల్లో మంటలార్పే నురగ తాలూకు రసాయనాలు తేలుతున్నాయి. పిట్టకి 200 అడుగులు కొలిచి పట్టీ కట్టినవాళ్ళు బావిని ఎందుకు కొలవలేదు? పిట్ట కనిపిస్తుంది, ఫోటోకి బావుంటుంది. భూమిలోకి ఇంకేది కనపడదు. పొత్తు గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండో ఖాతా కూడా తెరవాలి.

---

మాజీ_సుబేదార్ | ఆదివారం, మధ్యాహ్నం 2:15

అందరికీ నమస్కారం. మాది పశ్చిమ గోదావరి, మిలిటరీ మాధవరానికి కూతవేటు దూరం. 24 ఏళ్ళు ఫిరంగి దళంలో చేశాను. నా మాట కూడా వినండి.

ముందు శిక్షణ సంగతి. చెట్టుకి పట్టీ కట్టి ఇక్కడ కందకం తవ్వొద్దంటే జవానుకి ఎలా ఉంటుందో నాకు తెలుసు. యుద్ధంలో శత్రువు మనకి 200 అడుగులు వదలడు. కాబట్టి ఆ అమెరికా వాళ్ళకి ఒళ్ళు మండిందంటే నేను తప్పు పట్టను.

మన ఫైరింగ్ రేంజుల్లో చాలావాటికి భూమి సైన్యానిది కాదు. 1938 నాటి చట్టం కింద ఫలానా రోజుల్లో ఫలానా మేరలో కాల్పులుంటాయని నోటిఫై చేస్తారు. పైరు పోతే పరిహారం ఇవ్వాలి. ఊరివాళ్ళని ఖాళీ చేయించి, సాయంత్రం జెండా దించాక మళ్ళీ రానిస్తాం. జార్ఖండ్‌లో నేతర్‌హాట్ రేంజిని అక్కడి ఆదివాసీలు 30 ఏళ్ళు వద్దు వద్దంటే, 2022లో గడువు పొడిగించకుండా వదిలేశారు. మేం గుండు పేల్చిన గంటకే ఇత్తడి ముక్కల కోసం పిల్లలు పరిగెత్తుకొస్తే కేకలేసి తరిమిన రోజులు నాకు ఇప్పటికీ కళ్ళముందున్నాయి.

మంచి ఉదాహరణ అడిగారు కదా రావుగారూ, చెప్తాను. డెహ్రాడూన్ దగ్గర కొంతకాలం ఉన్నాను. ముస్సోరీ కొండల్ని సున్నపురాయి కోసం తవ్వి తెల్లగా గొరిగేశారు. 1982 డిసెంబర్ 1న అక్కడ టెరిటోరియల్ ఆర్మీలో, అంటే సైన్యానికి తోడుండే రిజర్వు దళంలో, ఒక బెటాలియన్ పెట్టారు. 127, ఎకలాజికల్, గఢ్వాల్ రైఫిల్స్. పని యుద్ధం కాదు, మొక్కలు. జవాన్లు ఎవరు? ఆ కొండల్లోనే పుట్టి, సైన్యంలో చేసి, పెన్షన్ మీద ఇంటికొచ్చినవాళ్ళు. తర్వాత సుప్రీంకోర్టు క్వారీలు చాలావరకు మూయించింది. బోడికొండ మీద గాబియన్ గోడలు (తీగ వలల్లో రాళ్ళు నింపినవి) కట్టి, మట్టి ఆపి, గొయ్యి తీసి, మొక్క పెట్టి, మూడు నాలుగేళ్ళు కాపలా కాసి అప్పుడు అటవీ శాఖకి అప్పగించేవారు. కాపలా ఉంది కాబట్టే బతికాయి. మన హరితహారం రోజుల్లో గొయ్యి తీసినవాడు సాయంత్రానికి ఇంటికి, మొక్క మేక నోట్లోకి.

బేస్ వేరు, ఊరు వేరు అనుకుంటే పొత్తు కావాలి. ఆ ఊరి మనిషే ఆ యూనిఫాం తొడిగితే? మా ప్రకాశం, కడప, అనంతపురం మిత్రుల ఊళ్ళ పక్కన బోడిగుట్టలు చూసినప్పుడల్లా నాకిదే ఆలోచన.

---

మోడరేటర్ | ఆదివారం, సాయంత్రం 5:30

ఫోర్ట్ బ్రాగ్ పేరు మార్పు మీద 14 పోస్టులు తొలగించాను. 2023లో లిబర్టీ అన్నారు, 2025లో మళ్ళీ బ్రాగ్ అన్నారు, ఈసారి రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన వేరే బ్రాగ్ పేరు మీద. ఇంతే. ట్రంప్, బైడెన్ తగాదాకి వేరే చర్చ ఉంది, అక్కడికెళ్ళి కొట్టుకోండి.

---

భీమిలి_గాలి | ఆదివారం, రాత్రి 8:45

మా తాతలది గంజాం జిల్లా తీరం. రుషికుల్య మొగ దగ్గర చాలా ఊళ్ళల్లో ఇళ్ళల్లో తెలుగే మాటాడతారు, వలే బతుకు. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి లక్షల్లో వచ్చీది అక్కడికీ, ఇంకా పైన గహిర్మాతకీ. గహిర్మాత పక్కనే వీలర్ దీవి, ఇప్పుడు అబ్దుల్ కలాం దీవి. మన క్షిపణులు చాలా ఎగిరీది అక్కడి నుంచే.

క్షిపణి ఎగిరినప్పుడు వెలుగు, మోత. గుడ్డులోంచి వచ్చిన పిల్ల తాబేలు వెలుగున్న వైపు నడుస్తాది. సముద్రం మీద నక్షత్రాల మెరుపనుకొని ఫ్లడ్‌లైటు వైపు పోతాది. అందుకే దీవి మీద దీపాలకి ముసుగులు వెయ్యాలని ఎప్పట్నుంచో అడుగుతున్నారు. 2024 సీజనుకి జనవరి నుంచి మార్చి దాకా పరీక్షలు ఆపడానికి డీఆర్‌డీవో ఒప్పుకుంది. ఇదీ పొత్తే కదా రావుగారూ?

కానీ ఒక మాట. తాబేళ్ళ కోసం మా వాళ్ళకి నవంబర్ 1 నుంచి మే 31 దాకా తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపల వేట బంద్. ఏడు నెలలు! దీవి మూడు నెలలు ఆగితే పేపర్లో వార్త. మా మావయ్య ఏడు నెలలు ఆగితే అప్పు. తాబేలుకి ఇద్దరూ దారిస్తున్నారు గానీ, ఖర్చు ఒకరి జేబులోంచే పోతంది. మీ ఫోర్ట్ బ్రాగ్ దగ్గర రైతుకి డబ్బిచ్చి హక్కు కొన్నారన్నారే, ఆ ముక్క దగ్గర నేను ఆగిపోయాను.

---

ఉట్నూరు_టీచర్ | సోమవారం, ఉదయం 7:10

నిప్పు గురించి పిట్టలదొర గారు రాసింది మా పిల్లలకి చదివి వినిపించాను. మా దగ్గర ఇప్పపువ్వు రాలే కాలంలో చెట్టు కింద ఎండుటాకు కాలుస్తారు, పువ్వు కనబడాలని. తునికాకు లేత చిగురు రావాలనీ కాలుస్తారు. అటవీ శాఖ వాళ్ళు వచ్చి కేసంటారు. అమెరికాలో సైన్యం కాలిస్తే శాస్త్రం, మా గోండు అవ్వ కాలిస్తే నేరం అని ఒక పిల్లాడు అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంతకీ అక్కడ ఎన్నాళ్ళకోసారి కాలుస్తారండీ?

---

సాండ్‌హిల్స్_రావు | సోమవారం, ఉదయం 8:05

టీచర్ గారూ, ఆ పిల్లాణ్ణి నా తరఫున మెచ్చుకోండి. ఒక్కో ముక్కని మూడేళ్ళకోసారి కాలుస్తారు. గాలి వాలు, తేమ చూసి, అంచులు దున్ని, పొగ ఎటు పోతుందో ఊరికి ముందే చెప్పి. అన్ని అడవులకీ మూడేళ్ళు సరిపోదు. మన టేకు, ఇప్ప, నల్లమద్ది అడవి లెక్క వేరు. ఏటా కాలిస్తే మొలక మిగలదని మీ అటవీ శాఖ భయపడటంలో అర్థం ఉంది. కానీ అసలు ఎవరు, ఎప్పుడు, ఎంత కాల్చాలో మీ అవ్వతో కూర్చుని మాట్లాడారా అన్నదే ప్రశ్న. ఇక్కడ కూడా వలసొచ్చినవాళ్ళకి ముందు ఈ అడవిని కాల్చింది స్థానిక తెగలే. ఆ సంగతి నాకు నిన్ననే మా పొరుగాయన చెప్పాడు.

కాకిలెక్క గారూ, లెజూన్ మీద మీకు జవాబివ్వలేను. మీరన్నది నిజం. పిట్ట లెక్కకి బయటి శాఖ వచ్చి కొలిచింది. నీళ్ళ లెక్క చాలాకాలం వాళ్ళే కొలుచుకున్నారు, 80ల్లో కొలిచి తెలిశాక కూడా బావులు వెంటనే మూయలేదు.

భీమిలి గారూ, మీ మావయ్య సంగతి చదివాక నా మొదటి పోస్టు కొంచెం సంబరంగా రాశాననిపించింది.

---

అనంతగిరి_మల్లేశ్ | సోమవారం, రాత్రి 9:20

సుబేదార్ సాబ్, మీ డెహ్రాడూన్ ముచ్చట మంచిగనిపించింది. మా మండలంల కూడా రిటైరైన జవాన్లున్నరు. రేపు మా దగ్గర నేవీ కంచె పడ్డంక లోపల మిగిలిన అడవిని ఎవలు చూస్తరు? బయటోళ్ళని టెండర్ల మీద తెస్తరా, మా ఊరోళ్ళకు పని ఇస్తరా? చెరువులల్లకు పోయే వాగులను కట్టేస్తరా, వదులుతరా? గిసొంటివి ఇప్పుడే కాయితం మీద రాయించుకుంటే బాగుంటదని మా వాళ్ళతోటి మాట్లాడిన.

కొందరు "రాయించుకునుడంటే ఒప్పుకున్నట్టే" అని కోపం చేసిండ్రు. వాళ్ళ బాధ తెలుసు. కానీ శంకుస్థాపన అయిపాయె.

---

మాజీ_సుబేదార్ | సోమవారం, రాత్రి 9:55

మల్లేశ్ బాబూ, కాగితం రాసేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకో. కమాండింగ్ ఆఫీసర్ రెండు మూడేళ్ళకోసారి మారిపోతాడు. ఆయన మంచివాడని నోటిమాట మీద ఉండకు. కలెక్టర్, అటవీ శాఖ, నేవీ, మీ పంచాయతీ నలుగురి సంతకాలూ ఉండాలి, ఏటా ఫలానా నెలలో కూర్చోవాలని తేదీతో సహా.

---

కాకిలెక్క | మంగళవారం, ఉదయం 6:30

ఎంతైనా బ్రాగ్ వాళ్ళని ఒక్క విషయంలో ఓడించాం. పక్కనే క్యాంప్ మెకాల్ చెరువు మీద 2022లో తేలియాడే సోలార్ పెట్టి, ఆగ్నేయ రాష్ట్రాల్లో అతి పెద్దదని చెప్పుకున్నారు. ఎంతో తెలుసా? 1.1 మెగావాట్లు. అదే ఏడాది మన రామగుండంలో ఎన్‌టీపీసీ పెట్టింది 100 మెగావాట్లు 😎

---

గుంటూరు_టు_రాలీ | మంగళవారం, రాత్రి 10:10

మూడు రోజులుగా చదువుతూ కూర్చున్నా. రావుగారూ, మా అబ్బాయికి స్కూల్ ప్రాజెక్టుకి ఆ పిట్ట ఫోటో కావాలట. బేస్ లోపలికి వెళ్ళనిస్తారా?

---

సాండ్‌హిల్స్_రావు | మంగళవారం, రాత్రి 10:40

బేస్ దాకా అక్కర్లేదండీ. మీకు గంటన్నర లోపే, సదర్న్ పైన్స్ ఊళ్ళో వేమౌత్ వుడ్స్ అని రాష్ట్రం వాళ్ళ అడవి ఉంది. 1548లో మొలిచిన లాంగ్‌లీఫ్ ఇంకా బతికే ఉంది అక్కడ. మన తళ్ళికోట యుద్ధం కంటే పాతది. గూడున్న చెట్టుని గుర్తుపట్టడం తేలిక. మానుకి బంక కారి తెల్లటి కొవ్వొత్తిలా ఉంటుంది.

పొద్దు పొడవకముందే చేరుకోవాలి. వెలుతురు రాగానే తొర్రలోంచి ఒక్కొక్కటే బయటికొచ్చి, కీచుకీచుమని పిలుచుకుని, ఐదు నిమిషాల్లో మేతకి పోతాయి. ఫిబ్రవరిలో వస్తే ముందు నాకు ఫోన్ చెయ్యండి, ఆ రోజు కాల్చడం లేదని కనుక్కుని చెప్తాను. థర్మాస్‌లో కాఫీ మా ఆవిడ పంపిస్తానంటోంది.